మూసారాముడు

1766లో నిజాము ఉత్తర సర్కారులను ఇంగ్లీషువారికి విడిచినందున గంపలగూడెము ఒక ప్రభుత్వమునకును, పొరుగున నున్న మధిర ప్రాంతము వేరొక ప్రభుత్వమునకును చెందిన కాలమది. ఆ నిజాము ఆలీఖానునకు సేనను తీర్చిన పరాసు వీరుడు మిషెల్ రేమండు. 1755లో ఫ్రాన్సున జన్మించి, 1775లో వర్తకమునకై పుదుచ్చేరికి వచ్చి, తక్కెడ విడిచి కత్తి పట్టెను. హైదరాలీ పక్షమునను, పిదప బుస్సీ కడను పనిచేసి, 1786లో హైదరాబాదు చేరెను. నాడు ఆయన వెంట మూడువందల మంది. పండ్రెండేండ్లలో వారు పదునాలుగు వేలైరి.

జనులు ఆయనను మూసారాముడనిరి, ముస్లిములు మూసారహీమనిరి. తెనుగున మూస యనగా లోహము కరగించు పాత్ర. ఫతేమైదానము చెంత తోపుల కార్ఖానా నెలకొల్పినవానికి ఆ పేరు చక్కగా అమరినది.

తోపు పోతకు పెద్ద కొలిమి వలయును. తుపాకి గుండునకు చిన్న మూకుడు చాలును. సీసము 327 డిగ్రీల వేడికే కరగును. అయినను ఏమరుపాటు తగదు. ఒక్క నీటిబొట్టు చేరినను ఆవిరియై ఉప్పొంగి, కరగిన సీసమును ముఖముపై చిమ్మును. అందుచే అచ్చును ముందే వెచ్చచేసి తడి యార్పవలెను. సీసము విషము గనుక గాలి యాడుచోటనే పోయవలెను. చేతులు కడుగక అన్నము ముట్టరాదు.

నాటి తుపాకికి మందును గుండును మూతినుండియే దట్టింతురు. మసి పట్టిన గొట్టములో దిగుటకై గుండును కొంత చిన్నదిగా పోయుదురు. ఆ సందువలననే గురి చెడును. నూరు గజములు దాటినచో ఒక మనిషిని కొట్టుట దైవాధీనము. నేర్పరియైనను నిమిషమునకు రెండు మూడుమారులకన్న కాల్చలేడు. కావున వరుసగా నిలిచి, ఒక్కుమ్మడిగా కాల్చి, బెదరక మరల దట్టించుటయే సేనకు ప్రాణము. రేమండు నేర్పినది అదియే. 1795లో ఖర్దా యుద్ధమున మహారాష్ట్రుల యెదుట ఆయన పటాలములు నిలిచెను గాని, నిజామే వెనుదిరిగెను. ఆ యేడే తిరుగుబాటు చేసిన నిజాము కుమారుడు ఆలీజాను ఆయన అణచెను.

1798 మార్చి 25న రేమండు మరణించెను. సెప్టెంబరు 1న నిజాము ఇంగ్లీషువారితో సంధి చేసికొని, ఆ పరాసు దళమును తొలగించుటకు ఒప్పుకొనెను. అక్టోబరులో, జీతపు బాకీలకై సిపాయిలు తమ దొరలపైననే తిరుగబడియుండగా, ఇంగ్లీషు సేన చుట్టుముట్టెను. అన్ని వేల తుపాకులును పోరు లేకయే నేలపై పెట్టబడినవి.

అస్మాన్‌గఢ్ కొండపై ఆయన సమాధి యున్నది. వర్ధంతినాడు జనులు అచట పూవులుంచి దీపములు వెలిగించుట చాలకాలము సాగెను.