చేతులు మారిన కాగితాలు



మన ఉక్కునగరంలో ఉద్యోగ విరమణ చేసినవారు క్వార్టర్ ఖాళీ చేసే రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. సామాను లారీ ఎక్కుతుంది. పాత కాగితాలు తూకానికి పోతాయి. ముప్పై ఏళ్లుగా దాచుకున్న వాటిలో ఏముందని అడిగేవారు ఉండరు. ఈమధ్య ఒక ఇంటి గుమ్మంలో అటువంటి కట్టలు చూసినప్పుడు నాకు చార్లెస్ రసీన్ గారు జ్ఞాపకం వచ్చారు. ఆయన యేసు సభ గురువు, గణిత శాస్త్రవేత్త.

గణితజ్ఞులలో ఒక పాత మర్యాద ఉండేది. ఎవరి పరిశోధన వ్యాసమైనా పత్రికలో అచ్చయితే, ఆ పేజీలను విడిగా కుట్టి కొన్ని పదుల ప్రతులు రచయితకు ఇచ్చేవారు. వీటిని రీప్రింట్లు అంటారు. రచయిత వాటిని తోటివారికి పోస్టులో పంపేవాడు, వారు తమవి పంపేవారు. ఖరీదైన విదేశీ పత్రికలు తెప్పించలేని కళాశాలలో పనిచేసే అధ్యాపకునికి ఆ పలుచని ప్రతులే గ్రంథాలయం. నేడు వ్యాసాలు కంప్యూటర్‌లోనే దొరుకుతున్నందున ఆ మర్యాద దాదాపు కనుమరుగైంది.

రసీన్ గారు 1897లో ఫ్రాన్సు దేశంలో జన్మించారు. పారిస్‌లో ఎలీ కార్తాన్ అనే గొప్ప గణితజ్ఞుని వద్ద సాపేక్ష సిద్ధాంతానికి చెందిన సమస్యపై పరిశోధించి 1934లో డాక్టరేటు పొందారు. ఫ్రాన్సులోని ఆనాటి ప్రముఖ గణితజ్ఞులు ఆయన మిత్రులు. అక్కడే ఉండి పరిశోధన సాగించే అవకాశం ఉన్నా, 1937లో నలభై ఏళ్ల వయసులో మన దేశానికి వచ్చారు. మొదట తిరుచిరాపల్లిలో, 1939 నుండి మద్రాసు లొయోలా కళాశాలలో బోధించారు.

అప్పటి మద్రాసు చదువు పాత ఇంగ్లీషు పద్ధతిలో నడిచేది. చిక్కు లెక్కలను పరీక్షలో త్వరగా చేయగలవాడే దిట్ట. ఫ్రాన్సులో తన మిత్రులు సృష్టిస్తున్న కొత్త గణితాన్ని రసీన్ గారు ఈ విద్యార్థుల ముందు పెట్టారు. ఆయన పాఠం సాఫీగా సాగేది కాదట. అయినా ఏది చదవాలో, ఏ ప్రశ్నకు ఇంకా జవాబు దొరకలేదో ఆయన దగ్గర తెలిసేది. కె.జి. రామనాథన్, ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి లొయోలాలో చదివినవారే. ఆ తరువాత వారు బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ గణిత విభాగాన్ని తీర్చిదిద్దింది మన మచిలీపట్నంలో పుట్టిన కె. చంద్రశేఖరన్. 1965లో నరసింహన్, శేషాద్రి నిరూపించిన సిద్ధాంతం ప్రపంచమంతటా వారి పేర్లతోనే ప్రసిద్ధి.

మన విశాఖ కూడా ఆయనకు ఋణపడి ఉంది. మద్రాసులో ఎస్. మీనాక్షిసుందరం అనే ప్రతిభావంతుడైన యువకునికి పరిశోధన వేతనం ముగిసింది, ఉద్యోగం దొరకలేదు. పరీక్షలకు వెళ్లే విద్యార్థులకు పాఠాలు చెప్పుకొని బతికే ఏర్పాటుకు రసీన్ గారు తోడ్పడ్డారు. తరువాత ఆ యువకుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో అధ్యాపకుడయ్యాడు. స్వీడన్ గణితజ్ఞుడు ప్లేయెల్‌తో కలిసి 1949లో ప్రచురించిన వ్యాసం ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చింది. ఒక ఆకారానికీ అది కంపించే స్వరాలకూ ఉన్న సంబంధాన్ని వెదికేవారు నేటికీ ఆ వ్యాసం దగ్గరికి రావలసిందే. మీనాక్షిసుందరం గారు 1968లో, రసీన్ గారు 1976లో మరణించారు.

రసీన్ గారు స్వయంగా అచ్చు వేయించినవి కొద్ది. పారిస్‌లో ఉండి ఉంటే ఎక్కువ రాసేవారేమో. అది నష్టమే, కాదని అనను. కాని మిత్రుల నుండి అందుకున్న జ్ఞానం తన దగ్గర ఆగిపోకూడదని ఆయన ఎంచుకున్నారు. యజమాని ఇచ్చిన ధనాన్ని భూమిలో పాతిపెట్టిన సేవకుని ఉపమానం మీరు ఎరుగుదురు. అతడు దొంగిలించలేదు, పోగొట్టలేదు. భద్రంగా దాచాడు, అంతే. అదే అతని తప్పయింది.

కనుక పాఠకులారా, మీ అలమరలోని కట్టలు తూకానికి పోకముందే ఒక సాయంకాలం వాటిని విప్పండి. మీ పని మీకు నేర్పిన దానిని పక్కింటి కుర్రవానికైనా సరే, కూర్చోబెట్టి చెప్పండి. కాగితం ఎలాగూ చెదలు పడుతుంది. చెప్పిన మాట మరొకరి చేతిలో పనిగా మారుతుంది.