ఓడకు గీత గీయించిన శామ్యూల్ ప్లిమ్‌సోల్

మన విశాఖ రేవులో సరుకు దించేసిన ఓడను గమనించండి. దాని పక్కభాగాన, సుమారు మధ్యలో, ఒక సున్నా, దాని మీదుగా అడ్డగీత కనిపిస్తాయి. ఓడలో ఎంత బరువు వేయవచ్చో చెప్పే హద్దు అది. సముద్రపు నీటిలో కంటే మంచినీటిలో ఓడ ఎక్కువ లోతు మునుగుతుంది. అందుకే నీటిని బట్టి, రుతువును బట్టి పక్కనే మరికొన్ని చిన్న గీతలుంటాయి. ఈ గుర్తుకు ప్లిమ్‌సోల్ గీత అని పేరు. ఆ పేరు గల మనిషి నావికుడు కాదు, ఓడల యజమానీ కాదు.

శామ్యూల్ ప్లిమ్‌సోల్ 1824లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జన్మించారు. చిన్న గుమాస్తాగా జీవితం మొదలుపెట్టి, తర్వాత లండన్‌లో బొగ్గు వ్యాపారానికి దిగారు. వ్యాపారం దెబ్బతిని చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయింది. వారానికి ఏడెనిమిది షిల్లింగులతో పేదల వసతిగృహంలో కూలీల మధ్య బతికారు. తర్వాత మళ్ళీ నిలదొక్కుకుని ధనవంతుడయ్యారు. కానీ ఆ వసతిగృహపు రోజులను మరచిపోలేదు. 1868లో డెర్బీ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

ఆ రోజుల్లో కొందరు యజమానులు పాతబడిన ఓడల్లో మోయలేనంత సరుకు నింపి, పెద్ద మొత్తానికి బీమా చేసేవారు. ఓడ చేరితే లాభం, మునిగితే బీమా సొమ్ము. పోయేవి నావికుల ప్రాణాలే. ఓడ బాగాలేదని ఎక్కడానికి నిరాకరించిన నావికులను జైలుకు పంపేవారు. బరువుకు హద్దు గీత ఉండాలని న్యూకాజిల్‌కు చెందిన జేమ్స్ హాల్ అనే ఓడల యజమాని అంతకుముందే కోరారు. ఆ మాటను ప్లిమ్‌సోల్ ప్రజల్లోకి తీసుకెళ్ళారు. ఈ అన్యాయంపై పుస్తకం రాశారు. దానిపై పరువునష్టం కేసులు ఎదుర్కొన్నారు. భార్య ఎలైజా ఆయన పోరాటంలో తోడుగా నిలిచారు.

1875 జూలై 22న ప్రభుత్వం ఓడల బిల్లును పక్కన పెట్టింది. ప్లిమ్‌సోల్ ఆగ్రహం పట్టలేక సభలో పిడికిలి బిగించి యజమానులను నిందించారు. వారం తర్వాత సభకు క్షమాపణ చెప్పారు. అప్పటికే దేశమంతా ఆయన వైపు నిలిచింది. 1876లో చట్టం వచ్చింది. అయితే గీత ఎక్కడ గీయాలో యజమానికే వదిలేశారు. నచ్చిన చోట గీసుకునే గీత ఎవరిని కాపాడుతుంది? ఆ లోపాన్ని 1890లో మరో చట్టం సరిదిద్ది, గీత స్థానాన్ని నిర్ణయించే అధికారాన్ని యజమాని చేతినుంచి తప్పించింది. 1898లో ఆయన కన్నుమూశారు. 1930లో అంతర్జాతీయ ఒప్పందం ఆ గీతను అనేక దేశాల ఓడలకు విస్తరించింది.

ఆ కథ మనకెందుకు? 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళ్ళిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. నది వరదలో ఉంది. బోటులో డెబ్భైమందికి పైగా ఉంటే 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. పోయినవారిలో మన విశాఖవాసులూ ఉన్నారు. అక్కడ కావలసింది బరువు గీత ఒక్కటే కాదు. వరద ఇంత ఉంటే బోటు కదలకూడదు అనే హద్దు కావాలి. ఆ హద్దును టిక్కెట్లు అమ్ముకునేవారు కాక వేరొకరు నిర్ణయించాలి, రేవులోనే ఆపగలగాలి.

మిత్రులారా! మనలో కొందరు రేపు విహారయాత్రకు వెళతారు. కొందరు బోటు సరంగులుగా, గైడ్లుగా, అధికారులుగా పనిచేస్తారు. రుషికొండలో బోటెక్కినా, గోదావరిలో లాంచీ ఎక్కినా లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉందా, మనుషులను లెక్కపెట్టారా, వాతావరణ హెచ్చరిక ఉందా అని అడగండి. అలా అడగడం పిరికితనం కాదు. జీతం కోసం ఓడెక్కే పేదవాడి తరఫున ప్లిమ్‌సోల్ జీవితమంతా అడిగింది ఆ ప్రశ్నలే.