రొమ్ములోని రహస్యములను విన్న మహావైద్యుడు

రాజయక్ష్మమను పేరు మన పెద్దలకు క్రొత్తది కాదు. దక్షశాపముచే చంద్రుని పట్టిన రోగమిదియేయని పురాణములు చెప్పుచున్నవి. చరకసంహితయందు దీని చికిత్సకు ప్రత్యేకాధ్యాయమే కలదు. అట్టి రోగమును, రోగి జీవించియుండగనే, చెవితో విని గుర్తింపవచ్చునని లోకమునకు నేర్పినవాడు ఫ్రాన్సు దేశీయుడగు రెనే లాయెనెక్. ఇట్టి సంచికలయందు స్వకులప్రముఖుల చరిత్రములు వ్రాయుట సంప్రదాయము. అయినను విద్యకును పరోపకారమునకును కులదేశభేదములు లేవు గనుక, ఈ మహనీయుని చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

లాయెనెక్ 1781వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన బ్రిటనీ ప్రాంతమునందలి కెంపేర్ పట్టణమున జన్మించెను. ఐదేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తండ్రి న్యాయవాదియే గాని సంసారభారమును వహింపజాలిన వాడు కాడు. అందుచే బాలుడు నాంత్ నగరమున వైద్యుడై యున్న పినతండ్రి యింట పెరిగెను. 1789లో చెలరేగిన విప్లవపు రక్తపాతమును బాల్యముననే కన్నులార చూచెను. పదునాలుగేండ్లకే ఆసుపత్రిలో క్షతగాత్రులకు పరిచర్య చేసెను. 1801లో పారిస్ చేరి కోర్విసార్ అను వైద్యాచార్యుని శుశ్రూషించి, 1803లో వైద్యమునందును శస్త్రవిద్యయందును ప్రథమ బహుమానముల నందెను.

ఆ కాలమున ఊపిరితిత్తుల స్థితి నెఱుగుటకు వైద్యులకు గల సాధనములు స్వల్పములు. వియన్నా వైద్యుడగు ఆయెన్‌బ్రుగ్గర్ 1761లో ప్రకటించిన పద్ధతి ననుసరించి రొమ్మును వ్రేళ్ళతో తట్టి చూతురు. ఒక్కొక్కప్పుడు చెవినే రొమ్మున కానింతురు. 1816లో లాయెనెక్ నెకేర్ ఆసుపత్రిలో వైద్యుడుగా నుండగా హృద్రోగముతో నొక యువతి వచ్చెను. ఆమె స్థూలకాయ యగుటచే తట్టిన ఫలము లేదు. యువతి యగుటచే చెవి నానించుట మర్యాద గాదు. అప్పుడాతనికి, దూలపు ఒక కొనను గుండుసూదితో గీచిన చప్పుడు రెండవ కొనయందు చెవి యుంచినవానికి స్పష్టముగా వినబడునను సంగతి స్ఫురించెను. వెంటనే కాగితములను గొట్టముగా చుట్టి, ఒక కొన ఆమె రొమ్మునను, రెండవ కొన తన చెవిని నానించెను. గుండె చప్పుడు మునుపెన్నడును లేనంత స్పష్టముగా వినవచ్చెను! స్త్రీమర్యాదను పాటింపబోయి యాతడు వైద్యలోకమునకే క్రొత్త చెవి నొసంగెను.

తరువాత చిడిచక్రముపై కొయ్యను తానే తరిణె పట్టి, ఇంచుమించు అడుగు పొడవు గల సాధనమును చేసికొనెను. గ్రీకు భాషలో స్తెతోస్ అనగా రొమ్ము. అందుండియే స్టెతస్కోపను నామము వచ్చెను. అయినను సాధనముకంటె సాధన గొప్పది. రోగి బ్రదికియున్నపుడు తాను విన్న ధ్వనిని వ్రాసికొని, మరణించినపిమ్మట శవపరీక్షలో ఊపిరితిత్తి స్థితిని చూచి, ఆ రెంటిని పోల్చుకొనెను. న్యుమోనియాలో వినబడు ధ్వని వేడి పెనముపై ఉప్పు చిటపటలాడినట్లుండుననెను. క్షయచే గుహ లేర్పడినచోట రోగి మాట గొట్టముగుండ సూటిగా చెవిలోనికి వచ్చునట్లు తోచుననెను. ఈ పరిశ్రమఫలమే 1819లో వెలువడిన రెండు సంపుటముల గ్రంథము.

అయినను మహాత్ములకును ప్రమాదము కలుగును. క్షయ యొకరినుండి యొకరికి సోకదని లాయెనెక్ తలంచెను. ఆ భ్రమను 1865లో విల్మాఁ పరిశోధన ఖండించెను. 1882లో కోఖ్ ఆ సూక్ష్మజీవినే చూపెను. తాను జీవితమెల్ల వెదకిన రోగమే లాయెనెక్‌ను పట్టెను. 1826లో స్వదేశమగు బ్రిటనీకి మరలి, బంధువును వైద్యుడునగు మేరియాదెక్‌చే తన రొమ్మును పరీక్షింపజేసికొనెను. ఆతడు చెప్పిన లక్షణములు తాను గ్రంథమున వర్ణించినవే! సత్యమును దాచుకొనక విని, ఆగస్టు 13వ తేదీన నలువదియైదవ యేట పరమపదించెను. తన స్టెతస్కోపును ఆ బంధువునకే యొసంగిపోయెను.

ఇది చదువుచు మేము సిగ్గుపడవలసి వచ్చినది. మేము బోధించిన తరగతిలో నొక బాలిక నెలలతరబడి దగ్గుచుండెను. పెండ్లి సంబంధములు తప్పిపోవునను భయమున పెద్దలామెను వైద్యునికి చూపరైరి. మేమును వారి గౌరవమునకు వెఱచి మాటాడక యుంటిమి. చూపునాటికి కాలము మించెను. లాయెనెక్ నాటికి ఈ రోగమునకు మందు లేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడిన పిమ్మట మందులు వరుసగా వచ్చినవి. నేడు సర్వసాధారణమైన క్షయ ఆరు మాసముల చికిత్సచే కుదురును. ప్రభుత్వ వైద్యశాలలలో మందు ఉచితము. మందు లేనినాడు వినుటకు వెఱవని వైద్యుని చరిత్ర నెఱిగియు, మందున్ననాడు మనము దాచుట తగునా?

కావున కులబాంధవులును పోషకులును దగ్గును దాచు దురాచారమును మాన్పి, మన విద్యార్థులలో వైద్యవిద్య నభ్యసించువారికి చేయూత నిత్తురుగాక. స్వస్తి.