కూకై: సీటు వదిలి, సముద్రం దాటిన జపాన్ స్వామి

షికోకు వీడియోలో చాలా గుళ్ళ దగ్గర గడ్డి టోపీ, చేతికర్రతో ఒక సన్యాసి విగ్రహం కనిపించింది కదా, ఆయనెవరని కామెంట్లలో అడిగారు. ఆయన పేరు కూకై. భక్తులు కోబో దాయిషి అంటారు. షికోకు దీవి చుట్టూ సుమారు 1200 కిలోమీటర్ల దారి, 88 బౌద్ధ ఆలయాలు, ఈ యాత్రంతా ఆయన పేరు మీదే. నేనూ మా ఆవిడా ఉన్న సెలవుల్లో మొదటి 24 గుళ్ళు నడిచి, మిగతా కొన్ని రైల్లో, బస్సులో చూశాం.

774లో ఆ దీవిలోనే, ఇప్పటి జెన్‌త్సూజీలో పుట్టారు. పెద్దింటి పిల్లాడు. 18 ఏళ్ళకే రాజధానిలో పెద్ద చదువుకి సీటు. అది పూర్తయితే సర్కారు కొలువే. కానీ మధ్యలో మానేసి కొండల్లోకి వెళ్ళిపోయారు! చుట్టాలు ఊరుకుంటారా? వాళ్ళకి జవాబుగా 24 ఏళ్ళ వయసులో ఏకంగా ఒక గ్రంథమే రాశారు. మనమైతే ఫోన్ ఎత్తడం మానేస్తాం.

ఆకాశగర్భ బోధిసత్వుడి మంత్రం పది లక్షల సార్లు జపించడం ఆయన పెట్టుకున్న దీక్ష. అందులో కొంత మురోతో అనే సముద్రపు కొన దగ్గర చేశారు. 23వ గుడి నుంచి ఆ కొనమీది 24వ గుడికి దాదాపు 75 కిలోమీటర్లు. మాకు మూడు రోజులు పట్టింది, ఎడమ పక్కన సముద్రం తప్ప ఇంకేం లేదు. అక్కడి గుహలోంచి చూస్తే ఆకాశం, సముద్రం, అంతే. కూకై అంటే అర్థం కూడా అదే.

804లో చైనాకి ఓడ ఎక్కారు. తుఫానుకి దారి తప్పి ఫుజియన్ తీరంలో తేలితే, అక్కడి అధికారులు దొంగల్లా చూసి దిగనివ్వలేదు. చక్కటి చైనా భాషలో కూకై రాసిన ఉత్తరమే అందరినీ గట్టెక్కించింది. రాజధాని చాంగాన్‌లో, నలందాలో చదివి వచ్చిన ప్రజ్ఞ అనే పండితుడి దగ్గర సంస్కృతం నేర్చుకున్నారు. తర్వాత హుయిగువో అనే గురువు దొరికారు. అంతమంది సొంత శిష్యులుండగా, ఆ గురువు కొన్ని నెలల్లోనే ఈ పరదేశీకి తన విద్యంతా అప్పగించి, 805 చివర్లో కన్నుమూశారు. నాకు ఈ జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే అనిపిస్తుంది.

ఆ గురుపరంపర వరసలో మూడో పేరు ఎవరిదో తెలుసా? నాగార్జునుడు. మన నాగార్జునకొండ పేరులో ఉన్నాయనే. జపాన్ గుళ్ళో 'గోమా' అని అగ్నిలో కట్టెలు వేస్తుంటే మా ఆవిడ ఇది హోమమే కదా అంది. అవును, మాట కూడా అదే.

ఇరవై ఏళ్ళు ఉండాల్సినవారు రెండేళ్ళకే, 806లో తిరిగొచ్చారు. ఆజ్ఞ మీరినందుకు 809 దాకా రాజధానిలోకి రానివ్వలేదు. తర్వాత రోజులు మారాయి. 816లో కోయ కొండ ఇచ్చారు. 821లో సొంత ప్రాంతంలో తెగిపోయిన మన్నో చెరువు కట్టను, అధికారుల వల్ల కానిది, జనాన్ని కూడగట్టి కొన్ని నెలల్లో కట్టించేశారు. నీటి ఒత్తిడి ఆపేలా వంపు తిరిగిన కట్ట! 828లో పేద పిల్లలకీ చదువు, తిండి దొరికే బడి పెట్టారు.

షికోకులో యాత్రికుడి టోపీ మీద ఇద్దరం కలిసి నడుస్తున్నాం అని రాసుంటుంది. రెండోవాడు దాయిషి. మరి మేమిద్దరం కదా, మొత్తం ముగ్గురమా నలుగురమా అని మాకు రోజూ గొడవే. దారిలో ఒక బామ్మగారు కమలాపళ్ళు ఇచ్చారు. భాష రాదు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అక్కడ యాత్రికుడికి ఇస్తే దాయిషికి ఇచ్చినట్టేనట, వద్దనకూడదు.

835లో ఆయన కోయ కొండ మీద దేహం చాలించారని చరిత్ర. కాదు, ధ్యానంలోనే ఉన్నారని భక్తులు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి, మన బ్రహ్మంగారి లాగే అన్నమాట. అందుకే ఇప్పటికీ ప్రతిరోజూ రెండుసార్లు, చెక్కపెట్టెలో వండిన భోజనం పెట్టుకుని సన్యాసులు వంతెన దాటి ఆయన దగ్గరికి మోసుకెళ్తారు. మేం వెళ్ళిన ఉదయం చిన్న వాన పడుతోంది. పక్కకి జరిగి దారి ఇచ్చాం.