చర్మశాస్త్రవేత్త డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల చేలగట్ల మీద తంగేడు విరివిగా పూస్తుంది. బతుకమ్మలో పేర్చే ఆ పూవును ఎరుగనివారు లేరు. ఆ మొక్క చెక్కతో తోళ్లను పదును చేస్తారని ఎరిగిన విద్యార్థులు మాత్రం కొద్దిమందే. లందలో తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టి, కుళ్లిపోవలసిన పచ్చితోలును ఏళ్ల తరబడి నిలిచే వస్తువుగా మార్చే విద్య మన దేశంలో ప్రాచీనమైనది. ఆ విద్య నేర్చిన కులాన్ని మాత్రం సమాజం ఊరి వెలుపలనే ఉంచింది. అట్టి వృత్తికి విశ్వవిద్యాలయాలలో గౌరవస్థానం కల్పించిన మహనీయుడు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

ఆయన 1922 సెప్టెంబరు 10న నాటి గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని యలవర్రు గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, మద్రాసులో తోళ్ల విద్య నేర్చి, ఇంగ్లాండులో శిక్షణ పొంది, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు సాధించారు. రైతుబిడ్డ తోళ్లపనికి పోవుట నాటి సంఘానికి రుచించే విషయం కాదు.

ఆయన ఎన్నుకొన్న శాస్త్రానికి మూలం మన దేహంలోనే కలదు. శరీరమంతా కణాల కూర్పు అని మనం పాఠాలలో చదువుతాము. కాని చర్మము, ఎముక, మృదులాస్థి వంటి సంయోజక కణజాలాలలో కణాలకన్న వాటి నడుమనున్న పదార్థమే అధికం. దానిని కణబాహ్య మాతృక అంటారు. కణాలే దానిని స్రవించి, దానిలోనే నివసిస్తాయి. అందులో కొల్లాజెన్ తంతువులు లాగుడుకు తాళే బలాన్నిస్తాయి. ఎలాస్టిన్ సాగే గుణాన్నిస్తుంది. చక్కెర గొలుసులతో కూడిన ప్రోటీనులు నీటిని పట్టి ఉంచి ఒత్తిడిని భరిస్తాయి. సున్నపు తొట్టిలో వేసినప్పుడు వెంట్రుకలు, ఇతర ప్రోటీనులు చాలవరకు తొలగి, కొల్లాజెన్ వల మిగులుతుంది. చెక్కలోని టానిన్లు ఆ తంతువులను ఒకదానితో నొకటి బంధిస్తాయి. నీటిలో వేడిచేస్తే పచ్చితోలు సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటగానే ముడుచుకుపోతుంది. క్రోమియం లవణాలతో పదును చేసినది మరిగే నీటికి సైతం తట్టుకొంటుంది. చదువు లేని చర్మకారుడు అణువు పేరెరుగకనే అణుబంధాలను కూర్చుతూ వచ్చాడన్నమాట.

ఆ అణువు ఆకారం సైతం మద్రాసులోనే తేలింది. నాయుడమ్మ పుట్టిన నెల లోపలనే, 1922 అక్టోబరు 8న జన్మించిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో కొల్లాజెన్ మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. ప్రతి పేటలోను మూడింట ఒకటి గ్లైసిన్. అంతకన్న పెద్ద అమైనో ఆమ్లమైతే మూడు పేటల నడుమ ఇమడదు. ఆ పరిశోధనకు వలసిన కొల్లాజెన్ నమూనాలు విశ్వవిద్యాలయానికి పొరుగుననే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధనాలయం నుండి లభించాయి.

1958లో నాయుడమ్మ ఆ సంస్థకు సంచాలకులయ్యారు. ప్రయోగశాల తలుపులు వర్తకులకు, కార్మికులకు తెరిచారు. ఆంబూరు, వాణియంబాడి పట్టణాలలో తరతరాలుగా తోళ్ల వ్యాపారం చేస్తున్న ముస్లిం కుటుంబాలకు, శాస్త్రజ్ఞులకు నడుమ సంబంధం బలపడింది. సంస్థకు లోకప్రఖ్యాతి కలిగింది. కొల్లాజెన్‌పై అంతర్జాతీయ సదస్సు 1960లో అక్కడనే జరిగింది.

1971 నుండి 1977 వరకు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలికి అధిపతిగా ఉన్నారు. ఆ కాలంలో మన తెలంగాణలోని కరీంనగర్ జిల్లాను ఎన్నుకొని, శాస్త్రఫలాలను పల్లెలకు చేర్చే ప్రయత్నం చేశారు. అటుపిమ్మట 1981లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయినప్పటికీ, నా అభిప్రాయంలో ఆ పదవికన్న ఈ పల్లె ప్రయత్నమే గొప్పది. అయితే తోళ్ల పరిశ్రమ పెరిగినకొద్దీ మురుగునీరు పాలారు నదీ తీరాలను పాడుచేసిన మాట దాచరానిది; 1996లో సుప్రీంకోర్టు దానిపై కఠినమైన తీర్పునే ఇచ్చింది. ఆ తీర్పు నాటికి నాయుడమ్మ లేరు. 1985 జూన్ 23న, కెనడా నుండి తిరిగి వస్తుండగా, ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు ప్రేలుడువలన ఐర్లాండు సమీపాన సముద్రంలో కూలిపోయింది. దానిలో మరణించిన 329 మందిలో ఆయన ఒకరు.