మంచుకొండల్లో చోటు వెతికిన పునీతుడు

ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య పెరిగిన మనకు మంచు అంటే క్రిస్మస్ రోజుల్లో తెల్లవారుజామున కురిసే మంచే. కాళ్ళకు పొడవాటి చెక్కపలకలు కట్టుకుని, చేతికర్రల ఊతంతో గడ్డకట్టిన మంచు మీద మైళ్ళకొద్దీ సాగిపోయే స్కీయింగ్‌ను మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ ఆటంటే ప్రాణం పెట్టిన ఒక యువకుణ్ణి 2025 సెప్టెంబరు 7న పద్నాలుగవ లియో పోపుగారు పునీతునిగా ప్రకటించారు. ఆయనే పియర్ జార్జియో ఫ్రస్సాతి.

ఆయన 1901 ఏప్రిల్ 6న ఇటలీలోని ట్యూరిన్ నగరంలో జన్మించారు. తండ్రి అల్ఫ్రేదో గారు లా స్తంపా దినపత్రిక అధిపతి, తర్వాత జర్మనీలో ఇటలీ రాయబారి. తల్లి చిత్రకారిణి. మందస వైపు నుంచి మనకు మహేంద్రగిరి కనిపించినట్టే ట్యూరిన్ వాసులకు ఆల్ప్స్ కొండలు కనిపిస్తాయి. అక్కడికి స్కీ పలకలు తెచ్చినవాడు కిండ్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు, 1896లో. ఫ్రస్సాతి పుట్టిన ఏడాదే ఇటలీలో మొదటి స్కీ క్లబ్బు ఆ ఊళ్ళోనే వెలిసింది.

అప్పట్లో కొండ ఎక్కించే తీగబండ్లు లేవు. లోయ దాకా రైల్లో పోయి, పలకల అడుగున సీలు జంతువు తోలు కట్టుకుని గంటలకొద్దీ ఎక్కాలి. అందుకే చోటు ఎంచుకోవడం పెద్ద పని. ఎండ సోకని ఉత్తరపు వాలులో మంచు పొడిగా, మెత్తగా ఉంటుంది. కొత్త మంచు పడిన నిటారు వాలు మాత్రం ప్రాణాంతకం. పెళ్ళలు విరిగి మనిషిని కప్పేస్తాయి. ఇదంతా అందరూ చూసుకునేదే. ఫ్రస్సాతి మరొకటి కూడా చూసుకోవాలి. ఆ కాలంలో సాయంత్రపు పూజలు లేవు. దివ్యసత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఆదివారం కొండకు పోవాలంటే, చీకటితోనే గుడికి వెళ్ళి పూజలో పాల్గొని, ఆ తర్వాతే ప్రయాణం. మనవాళ్ళు పెళ్ళి ప్రయాణాలకు ఇంత లెక్క వేసుకుంటారా?

కొండలు ఆయన జీవితంలో సగమే. 1918లో విన్సెంట్ డి పాల్ సభలో చేరి పేదల ఇళ్ళు తిరిగేవారు. జేబులో డబ్బు వాళ్ళకిచ్చేసి, ఇంటికి పరుగున వచ్చేవారు. గని కార్మికులకు తోడుగా ఉండాలని గనుల ఇంజనీరింగు చదివారు.

1925 జూన్ ఆఖరున ఆయనకు జబ్బు చేసింది. అదే ఇంట్లో అమ్మమ్మ మరణశయ్య మీద ఉంది. ఒక రోగి చుట్టూ ఇల్లంతా ఎలా తిరుగుతుందో, కిడ్నీ జబ్బు చూసిన ఉద్దానం కుటుంబాలకు వేరే చెప్పాలా? ఈ కుర్రవాడి నొప్పులను ఎవరూ పట్టించుకోలేదు. జూలై 1న ఆమె కన్నుమూసింది. ఈయనది పోలియో అని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. పేదల ఇళ్ళల్లో సోకి ఉంటుందని వైద్యులు భావించారు. జూలై 3, శుక్రవారం, పేదలను చూడబోయే రోజు. పడిపోతున్న చేత్తో స్నేహితునికి ఒక చీటీ రాశారు: ఈ సూదిమందు ఫలానా రోగికి అందాలి, మరొకరి తాకట్టు చీటీ తన ఖర్చుతో తిరగరాయించాలి. మరునాడు, 24 ఏళ్ళ వయసులో మరణించారు.

అంత్యక్రియలకు పెద్దమనుషులు వస్తారని ఇంటివారు అనుకున్నారు. వీధులు పేదలతో నిండిపోయాయి. వాళ్ళెవరో తల్లిదండ్రులకు తెలియదు.