జార్జి మాక్డొనాల్డ్: అద్భుతకథాకర్త, అర్థవిచారకుడు

విక్టోరియా రాణి కాలపు ఆంగ్ల సాహిత్యంలో అద్భుతకథ ఒక ప్రత్యేక ప్రక్రియగా రూపొందినది. రస్కిన్, థాకరే, కింగ్స్లీ, లూయీ కారల్, ఆస్కార్ వైల్డ్ మొదలైన ప్రసిద్ధులందరూ అందులో చేయి చేసుకొన్నవారే. వీరిలో పలువురు కథ చెప్పి ఊరుకొన్నారు. ఆ కథకు అర్థమేమిటి, ఆ అర్థం కర్తదా పాఠకునిదా అని ప్రశ్నించి, సమాధానానికై జీవితాంతం ఆలోచించినవాడు జార్జి మాక్డొనాల్డ్. ఇతనికి ఇది కేవలం సాహిత్యచర్చ కాదు. అర్థాన్ని గూర్చిన వివాదంలోనే ఇతడు తన తొలి జీవనోపాధిని పోగొట్టుకొన్నాడు.

ఇతడు 1824 డిసెంబరు 10వ తేదీన స్కాట్లండు దేశంలో అబర్డీన్ ప్రాంతానికి చెందిన హంట్లీ అనే ఊరిలో జన్మించినాడు. 1832లో తల్లి క్షయవ్యాధితో మరణించినది. ఆ వ్యాధి తరతరాలుగా ఆ కుటుంబాన్ని విడువలేదు. ఆ కుటుంబం పెరిగినది కాల్విన్ మతసంప్రదాయంలో. దేవుడు కొందరినే మోక్షానికి ఎన్నుకొన్నాడనీ, తక్కినవారికి నిత్యనరకం తప్పదనీ ఆ సంప్రదాయ సిద్ధాంతం. ఈ సిద్ధాంతం ఇతని మనసుకు ఎన్నడూ ఎక్కలేదు. 1840 నుండి 1845 వరకు అబర్డీన్‌లోని కింగ్స్ కళాశాలలో రసాయన, భౌతిక శాస్త్రాలు చదివినాడు. అద్భుతకథకుడు కాబోయేవాడు శాస్త్రవిద్యార్థి కావడం గమనింపదగినది. పదార్థధర్మాలు తెలిసినవాడు గనుకనే, కల్పితలోకానికి కూడా ధర్మాలుండాలని తరువాత పట్టుబట్టినాడు. జర్మన్ కవి నొవాలిస్ రచనలు ఇతనిపై గాఢమైన ముద్ర వేసినవి. ఆ కవి ఆధ్యాత్మిక గీతాలలో పన్నెండింటిని ఆంగ్లీకరించి 1851లో స్వయంగా అచ్చు వేయించినాడు. ఆ సంవత్సరమే లూయీసా పొవెల్‌తో వివాహమైనది.

అంతకు ముందే, 1850లో, ఇతడు దక్షిణ ఇంగ్లండులోని అరండెల్ పట్టణంలో ఒక చర్చికి బోధకుడైనాడు. వార్షిక వేతనం 150 పౌండ్లు. క్రైస్తవులు కానివారికి కూడా మరణానంతరం దైవకృప లభింపవచ్చునని ఇతడు సూచించినట్లు సంఘపెద్దలు ఆక్షేపించినారు. జర్మన్ తత్త్వం తలకెక్కినదని కూడ అన్నారు. పొమ్మనలేక వేతనం తగ్గించినారు. వారి భావం ఇతనికి తెలియకపోలేదు గాని, సంఘానికి అంత ఇచ్చుకొనే స్తోమత లేకున్న తాము తక్కువతోనే గడుపుకొంటామని అమాయకంగానే ఊరుకొన్నాడు. చివరకు 1853 మే మాసంలో పదవిని వదలుకొన్నాడు. గ్రంథాన్ని అక్షరానికి కట్టివేసి చదివేవారికీ, అక్షరం వెనుక మరొకటి ధ్వనిస్తున్నదని వినేవారికీ జరిగిన సంఘర్షణ ఇది. ఆ తరువాత మాంచెస్టరులో దారిద్ర్యం, అనారోగ్యం. కవి బైరన్ భార్య లేడీ బైరన్ ఆదరణ వల్ల 1856-57 శీతకాలాన్ని అల్జీర్స్‌లో గడపి కొంత కోలుకొన్నాడు.

1858లో ‘ఫాంటాస్టిస్’ వెలువడినది. ఒక యువకుడు నిద్ర లేచేసరికి తన పడకగది అడవిగా మారిపోతూ ఉంటుంది. సెలయేరు పారుతుంది, తివాచీమీది పువ్వులు గాలికి కదలుతవి. అక్కడి నుండి అతని సంచారమంతా ఒక అద్భుతలోకంలో సాగుతుంది. దీనిని కొందరు సమీక్షకులు అన్యాపదేశమని భావించి, ఏ పాత్ర దేనికి సంకేతమో తేలక విసుగు చెందినారు. దోషం గ్రంథానిది కాదు, చదివిన పద్ధతిది. కాని ఇటువంటి గ్రంథాలు పదకొండుమంది సంతానాన్ని పోషింపలేవు గనుక ఇతడు ‘డేవిడ్ ఎల్గిన్‌బ్రాడ్’ (1863) మొదలుకొని అనేక సాంఘిక నవలలు వ్రాసినాడు. వాటిలో ఉపదేశం పాలు ఎక్కువ. చర్చి వేదిక పోయిన బోధకుడు నవలను వేదిక చేసుకొన్నాడనడం తప్పు కాదు. అద్భుతకథలలో మాత్రం ఆ బోధకుడు చాలవరకు మౌనం వహిస్తాడు.

ఆ కథలలో ‘ది లైట్ ప్రిన్సెస్’ విశేషించి చెప్పదగినది. ఇది 1864లో ‘అడెలా కాత్కార్ట్’ అనే గ్రంథంలో వచ్చినది. శిశువుకు నామకరణం జరిపే వేడుకకు పిలుపు అందని మేనత్త శాపం పెట్టగా, రాజకుమార్తె తన బరువును కోల్పోతుంది. గాలిలో తేలుతుంది. ఎంతటి దుఃఖవార్త విన్నా నవ్వుతుందే గాని ఏడువలేదు. ఆంగ్లంలో గ్రావిటీ అనే ఒకే పదం భూమ్యాకర్షణకూ గాంభీర్యానికీ చెల్లుతుంది. కథ అంతా ఆ శ్లేషపై నిలిచినది. ఇది అనువాదానికి లొంగదని తోచవచ్చును. నిజానికి సంస్కృతాంధ్రాలలో ఇది మరింత సహజంగా ఒదుగుతుంది. గురుశబ్దం నుండి వచ్చిన గురుత్వ గౌరవాలు బరువునూ మర్యాదనూ తెలుపుతవి, లఘుశబ్దం తేలికనూ చులకననూ తెలుపుతుంది. ఈ రాకుమారికి నీటిలో మాత్రమే బరువు తెలుస్తుంది. సరస్సు ఎండిపోతుండగా దాని అడుగున ఉన్న రంధ్రాన్ని తన దేహంతో మూసి ప్రాణమర్పించ సిద్ధపడిన రాకుమారుని కోసం ఆమె మొదటిసారి కన్నీరు కారుస్తుంది. అప్పుడు వాన కురుస్తుంది, ఆమె నేలపై నిలుస్తుంది. కరుణ వల్ల గౌరవం సిద్ధించిందని వాచ్యంగా ఎక్కడా చెప్పలేదు.

ఆ గ్రంథంలో ఈ కథను ఒక రోగగ్రస్తయైన యువతికి ఊరట కలిగించేందుకు చెప్పినట్లు కల్పించినాడు. కథ ముగియగానే ఒక ఇల్లాలు నీతి ఏమిటని అడుగుతుంది. సమాధానం హాస్యంగా తేలిపోతుంది. ఇతడు అరండెల్ వదలిన 1853లోనే చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వెలువడినదన్న సంగతి ఇక్కడ స్మరింపదగినది. పంచతంత్ర సంప్రదాయంలో నీతి కథకు ప్రయోజనం, కథ నీతికి ఉదాహరణం. మాక్డొనాల్డ్ మార్గం అది కాదు. ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ అనడానికి వీలు లేదు. చదువవలసిన పద్ధతులు వేరు.

లూయీ కారల్ ఈ కుటుంబానికి ఆప్తమిత్రుడు. ‘ఆలిస్’ కథ వ్రాతప్రతిని 1863లో లూయీసా తన పిల్లలకు చదివి వినిపించగా, వారి ఉత్సాహమే దాని ప్రచురణకు ఒక ప్రేరణ అయినది. ఆరేళ్ల గ్రెవిల్ దానికి అరవై వేల ప్రతులుండాలని కోరినాడట.

1868 నుండి ఒక బాలల పత్రికలో వచ్చి, 1871లో పుస్తకమైన ‘ఎట్ ది బ్యాక్ ఆఫ్ ది నార్త్ విండ్’ మరింత లోతైనది. గుర్రపుబండి తోలేవాని కుమారుడు డైమండ్ వద్దకు ఉత్తరపు గాలి సుందరీరూపంలో రాత్రివేళ వస్తుంది. ఆమె బాలుణ్ణి వాత్సల్యంతో ఎత్తుకొని తిరుగుతుంది, ఆ రాత్రే ఒక ఓడను ముంచుతుంది. ఒకరికి దయ, మరొకరికి క్రౌర్యం ఎలా పొసగుతవని బాలుడు అడుగుతాడు. దూరం నుండి ఒక పాట తనకు వినిపిస్తూ ఉంటుందనీ, అందువల్ల భరింపగలుగుతున్నాననీ ఆమె తెలుపుతుంది. కడకు బాలుడు మరణిస్తాడు. ఉత్తరపు గాలి అంటే మృత్యువేనని నిర్ణయించిన విమర్శకులు కలరు. అది తప్పు కాదు, చాలదు. మృత్యువన్న పేరు పెట్టగానే బాలుని ప్రశ్న ఆగిపోతుంది, కథలో అది ఆగదు. తల్లి, ఇద్దరు తమ్ముళ్లు, తండ్రి అప్పటికే గతించినారు. కాని కుమార్తె మేరీ 1878లో, కుమారుడు మారిస్ 1879లో, పెద్దకుమార్తె లిలియా 1891లో మరణించినారు. పుత్రశోకం ఈ కథకు హేతువని భావించేవారు ఈ కాలక్రమాన్ని గమనించాలి. కథ ముందు, శోకం తరువాత. బాలుడు వేసిన ప్రశ్న కర్తకే తిరిగి ఎదురైనది.

‘ది ప్రిన్సెస్ అండ్ ది గాబ్లిన్’ 1872లో వచ్చినది. ఆ సంవత్సరమే అమెరికాలో ఉపన్యాసయాత్ర ప్రారంభించినాడు. 1877లో ప్రభుత్వభృతి లభించినది. 1880 నుండి ఇటలీ తీరంలోని బోర్డిగెరాలో నివసించినాడు.

1893లో తన అద్భుతకథల అమెరికా ముద్రణకు పీఠికగా వ్రాసిన వ్యాసంలో ఇతని ఆలోచనకు పూర్ణరూపం కనిపిస్తుంది. కల్పితలోకానికి కవి కొత్త భౌతికధర్మాలు కల్పింపవచ్చును, కల్పించిన పిదప వాటిని తప్పరాదు. నైతికధర్మాన్ని మాత్రం తలక్రిందులు చేసే అధికారం అతనికి లేదు. అద్భుతకథ అన్యాపదేశం కాదు. అది మాటలు లేని వాద్యసంగీతం వలె వినేవారి హృదయాన్ని బట్టి భావాన్ని మేల్కొలుపుతుంది. కర్త ఉద్దేశింపని అర్థం కూడా పాఠకునికి స్ఫురింపవచ్చును. గుర్రం బొమ్మ గుర్రం వలె లేకుంటే దాని క్రింద పేరు వ్రాసి ప్రయోజనం లేదు.

ధ్వనిసిద్ధాంతం ఎరిగినవారికి ఇది పరిచితమైన భూమి. సూర్యుడు అస్తమించినాడన్న ఒక్క మాట సేనానికి దండయాత్రాసమయంగా, అభిసారికకు సంకేతవేళగా, శ్రోత్రియునికి సంధ్యావందనకాలంగా, గోపాలునికి పశువులను మళ్లించే పొద్దుగా తోచుటను మమ్మటుడు కావ్యప్రకాశంలో చూపినాడు. అయినా భేదం ఉన్నది. మన ఆలంకారికులలో వక్తృ ప్రకరణాదులు వ్యంగ్యార్థాన్ని నియమిస్తవి. కావ్యాన్ని చిరకాలం అనుశీలించి మనోముకురాన్ని నిర్మలం చేసుకొన్నవాడే అభినవగుప్తుని సహృదయుడు. మాక్డొనాల్డ్ కోరిన పాఠకునికి ఆ వ్యుత్పత్తి లేదు. ఏ వయసువాడైనా సరే, అతనిది బాలహృదయమైతే చాలును. ఆంజనేయుడు కాశి నుండి తెచ్చిన లింగాలను అలిగి కీసరగుట్ట చుట్టూ విసరినాడన్న స్థలకథ వినే పిల్లలు ఆ లింగాలు దేనికి సంకేతమని అడుగరు. రాముడు అతణ్ణి ఎలా ఓదార్చినాడని అడుగుతారు. ఇతడు ఉద్దేశించిన శ్రోతలు వారే. శాస్త్రదృష్టికి ఇది లోపమే కావచ్చును, బాలసాహిత్యానికి మాత్రం ఇంతకంటె సరియైన అధికారినిర్ణయం దొరకదు.

1902లో భార్య మరణించినది. చివరి సంవత్సరాలు దాదాపు మౌనంలోనే గడచినవి. 1905 సెప్టెంబరు 18వ తేదీన ఇంగ్లండులోని ఆష్టెడ్‌లో ఇతడు కన్ను మూసినాడు. చితాభస్మాన్ని బోర్డిగెరాలో భార్య సమాధిలో ఉంచినారు.

అటుపిమ్మట ఇతని కథలకు అర్థాలు చెప్పినవారు అనేకులు. 1961లో రాబర్ట్ లీ వుల్ఫ్ మనోవిశ్లేషణ దృష్టితో వాటిని తల్లి లేని బాలుని అంతరంగచిత్రాలుగా వివరించినాడు. సి. ఎస్. లూయిస్ వాటిలో పవిత్రతను దర్శించినాడు. 1964లో ‘ది గోల్డెన్ కీ’ కథకు ముందుమాట కోరగా టోల్కీన్ అద్భుతలోకమంటే ఏమిటో బాలలకు వివరింపబూని, దృష్టాంతంగా ఒక వంటవాడు చేసిన పిండివంట కథ ఎత్తుకొన్నాడు. ముందుమాట అక్కడే నిలిచిపోయినది. దృష్టాంతం పెరిగి ‘స్మిత్ ఆఫ్ వూటన్ మేజర్’ అనే స్వతంత్రకథగా 1967లో అచ్చయినది.